వ్యాపారి దాతృత్వం: డబ్బు ఎవరిది, నిర్ణయం ఎవరిది?

2025 చివరి నెలల్లో టాటా ట్రస్టుల ధర్మకర్తల మధ్య విభేదాలు వార్తలకెక్కాయి. ఏ ఆసుపత్రికి ఎంత ఇవ్వాలన్న విషయం మీద వచ్చిన తగాదా కాదది. టాటా గ్రూపు కంపెనీలకు మాతృసంస్థ అయిన టాటా సన్స్ అనే కంపెనీ బోర్డులో ట్రస్టుల తరఫున ఎవరు కూర్చోవాలన్న దానిమీద వచ్చింది. ఆ వార్తలు చదివినవారిలో చాలామందిని ఒకే సందేహం పట్టుకుంది. ట్రస్టు అంటే దానధర్మాలు చేసే సంస్థ కదా, దానికి కంపెనీ డైరెక్టర్లతో పని ఏమిటి?

న్యాయమైన సందేహమే. వ్యాపారవేత్తల దాతృత్వం గురించి మనం చదివే వార్తల్లో సాధారణంగా రెండే విషయాలుంటాయి: దాత పేరు, ఇచ్చిన మొత్తం. ఆ డబ్బు ఎవరిది, దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో ఎవరు నిర్ణయించారు, దాత పోయాక ఏమవుతుంది అన్నవి తెలియకుండా ఒక దానాన్ని మెచ్చుకోవడమూ కష్టమే, తప్పుపట్టడమూ కష్టమే. టాటా కుటుంబం కళలకు, వైద్య పరిశోధనకు, సమాజ సేవకు శతాబ్దానికి పైగా ఇస్తూ వచ్చింది. ఆ దానాల మంచీ చెడూ రెండూ బహిరంగ చరిత్రలో ఉన్నాయి. ఈ చిక్కుముడి విప్పడానికి అంతకంటే తగిన ఉదాహరణ మన దేశంలో దొరకదు.

ఒకే పేరు, వేర్వేరు ఖాతాలు

2020 మార్చి 28న, కరోనా తొలి లాక్‌డౌన్ నడుస్తుండగా, టాటాలు 1,500 కోట్ల రూపాయలు ప్రకటించారని దేశమంతా చెప్పుకుంది. నిజానికి ఆ రోజు వచ్చినవి రెండు ప్రకటనలు. టాటా ట్రస్టులు 500 కోట్లు, టాటా సన్స్ 1,000 కోట్లు ఇస్తామన్నాయి. మొదటిది దాతృత్వ సంస్థ డబ్బు, రెండోది కంపెనీ డబ్బు. పేరు ఒకటే కావడంతో జనం రెండింటినీ కలిపి లెక్కించారు. టాటాల విషయంలో కలిపినా పెద్ద తేడా రాదు, ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. మిగతా చోట్ల మాత్రం చాలా తేడా వస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ ఉందనుకోండి. గత మూడేళ్లలో దాని నికర లాభం వరుసగా 8, 10, 12 కోట్లు. సగటు 10 కోట్లు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. మనం సీఎస్ఆర్ అంటున్నది దీన్నే. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. మన కంపెనీకి ఆ మొత్తం 20 లక్షలవుతుంది.

ఆ కంపెనీలో యజమానికి 60 శాతం వాటా, మిగతా 40 శాతం వేలమంది చిన్న మదుపుదారుల దగ్గర ఉందనుకుందాం. అప్పుడు ఆ 20 లక్షల్లో 8 లక్షలు ఒక రకంగా ఆ చిన్న మదుపుదారులవే. పైగా ఖర్చు చేయమన్నది చట్టం. ఊళ్లో మంచినీటి శుద్ధి కేంద్రం ప్రారంభమైన రోజు ఫ్లెక్సీ మీద యజమాని ఫొటో వేసి దాత అని రాస్తారు. ఆ పని మంచిదే, ఆ నీళ్లు ఊరికి అవసరమే. దాత అన్న మాట మాత్రం అక్కడ అతకదు.

అదే యజమాని కంపెనీ లాభాల్లోంచి తన వాటాకు వచ్చిన డివిడెండు మీద పన్ను కట్టేసి, మిగిలిన సొమ్ములోంచి 20 లక్షలు ప్రభుత్వ ఆసుపత్రికి ఇచ్చాడనుకోండి. అది పూర్తిగా ఆయన డబ్బు. ఇంకొక అడుగు వేసి కంపెనీలో 10 శాతం షేర్లను ఒక ట్రస్టు పేర రాసిచ్చాడనుకోండి. కంపెనీ 5 కోట్ల డివిడెండు పంచిన ఏడాది ట్రస్టుకు 50 లక్షలు వస్తాయి. లాభం లేని ఏడాది ఏమీ రాకపోవచ్చు. ఆ షేర్లు ఇక ఆయన పిల్లలకు వెళ్లవు. మూడు దానాల్లోకీ ఇదే బరువైనది, దీనిలోనే చిక్కులూ ఎక్కువ.

వజ్రం అమ్మగా చేరిన సొమ్ము

టాటా వ్యాపారాలకు పునాది వేసిన జంషెట్జీ టాటా 1892లోనే పైచదువులకు విదేశాలు వెళ్లేవారి కోసం ఒక నిధి పెట్టారు. అది ఊరికే ఇచ్చే విద్యార్థి వేతనం కాదు, అప్పు. చదువుకుని సంపాదించాక తిరిగి కడితే ఆ డబ్బు మరొకరికి అందుతుంది. తర్వాత రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్ లండన్‌లో చదివింది ఈ నిధి సాయంతోనే. 1898లో జంషెట్జీ తన ఆస్తిలో సగం, అంటే దాదాపు 30 లక్షల రూపాయల విలువైన బొంబాయి భవనాలు, స్థలాలు ఒక పరిశోధన విశ్వవిద్యాలయానికి ఇస్తానన్నారు. 1904లో ఆయన కన్నుమూశారు. మైసూరు సంస్థానం భూమి ఇచ్చాక, 1909లో బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఏర్పడింది.

చిన్న కొడుకు రతన్‌జీ అభిరుచులు వేరు. పాటలీపుత్రం తవ్వకాలకు ఆయన డబ్బు సమకూర్చారు. 1913లో మొదలైన ఆ తవ్వకాల్లోనే కుమ్రహార్‌లో మౌర్యుల కాలపు స్తంభాల మండపం బయటపడింది. దక్షిణాఫ్రికాలో గాంధీజీ ఉద్యమానికీ విడతలవారీగా 1,25,000 రూపాయలు పంపారు. 1918లో ఆయన మరణించాక, 1919లో సర్ రతన్ టాటా ట్రస్టు ఏర్పడింది. అన్నదమ్ములిద్దరి కళాఖండాల సేకరణ ఇప్పుడు ముంబయిలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయంలో ఉంది.

పెద్ద కొడుకు దోరాబ్జీ. ఆయన భార్య మెహర్‌బాయి దగ్గర జూబిలీ అనే వజ్రం ఉండేది. 245 క్యారెట్ల పైమాట, ఇప్పటి కోహినూరుకు రెట్టింపు కంటే ఎక్కువ. 1924లో టాటా స్టీలుకు ఉద్యోగుల జీతాలకు కూడా కటకటలాడే పరిస్థితి వచ్చినప్పుడు దోరాబ్జీ తన సొంత ఆస్తినంతా, భార్య నగలతో సహా ఇంపీరియల్ బ్యాంకు దగ్గర కుదువపెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చారు. కంపెనీ నిలబడింది, వజ్రం తిరిగి వచ్చింది. 1931లో మెహర్‌బాయి వేల్స్‌లోని ఒక చికిత్సాలయంలో లుకేమియా అనే రక్త క్యాన్సర్‌తో చనిపోయారు. వారికి పిల్లలు లేరు. మరుసటి ఏడాది దోరాబ్జీ రెండు ట్రస్టులు ఏర్పాటు చేశారు. భార్య పేర పెట్టినది లుకేమియా పరిశోధనకు. తన పేర పెట్టిన దానికి మిగిలిన ఆస్తి యావత్తూ ఇచ్చేశారు. ప్రాంతం, జాతి, మతం చూడకుండా విద్యకూ పరిశోధనకూ కష్టాల్లో ఉన్నవారికీ ఖర్చు చేయాలని దస్తావేజులో రాశారు. 1932 జూన్‌లో జర్మనీలో ఆయన కూడా కన్నుమూశారు. తర్వాత వజ్రాన్ని అమ్మగా వచ్చిన సొమ్ము ట్రస్టుకు చేరింది.

ఈ కథ తలచుకున్నప్పుడల్లా నా మనసు ఒక విషయం దగ్గర ఆగుతుంది. దోరాబ్జీ ఇచ్చిన ఆస్తిలో నగదు కంటే విలువైనవి టాటా సన్స్ షేర్లు. నేడు టాటా ట్రస్టులన్నిటికీ కలిపి ఆ కంపెనీలో దాదాపు 66 శాతం వాటా ఉంది. ఉప్పు, ఉక్కు, సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీల నుంచి టాటా సన్స్‌కు చేరే లాభం డివిడెండుగా పంచితే, మూడింట రెండు వంతులు దాతృత్వానికే వస్తుంది. కరోనా నాటి 1,500 కోట్లను కలిపి లెక్కించినా పెద్ద తేడా లేదన్నది ఇందుకే.

లుకేమియాకు పెట్టిన నిధి, కాకినాడ ఇచ్చిన చేయూత

భార్య పేరిట పెట్టిన ట్రస్టుకు దోరాబ్జీ విధించిన నియమం ఆ కాలానికి చాలా అరుదైనది. రాబడిలో ఐదింట నాలుగు వంతులు ప్రపంచంలో ఏ దేశస్థుడైనా సరే, లుకేమియా మీద పనిచేసేవారికి. మిగిలిన ఒక వంతు మన దేశంలో మనుషుల బాధలు తగ్గించే శాస్త్ర పరిశోధనలకు. పరాయి పాలనలో ఉన్న పేద దేశపు డబ్బు ఐరోపా ప్రయోగశాలలకు వెళ్లడమేమిటని అడగవచ్చు. అయితే 1932లో లుకేమియాకు మందు లేదు, దాన్ని లోతుగా పరిశోధించే సౌకర్యం చాలా కొద్ది చోట్లే ఉండేది. జబ్బుకు మందు ఎక్కడ దొరికినా అందరికీ పనికొస్తుందన్నది ఆ నియమం వెనకున్న ఆలోచన.

ఆ మందు వైపు తొలి అడుగు పడింది అమెరికాలో. అందులో ముఖ్యపాత్ర ఒక తెలుగువాడిది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే సంస్థలో ఫోలిక్ ఆమ్లం మీద పరిశోధన నడిపించారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చారు. 1948లో ఫార్బర్ ప్రచురించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. అంతవరకు వారాలు లెక్కపెట్టుకోవడమే తప్ప మరో దారి లేని తల్లిదండ్రులకు అదే మొదటి ఆశ. దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను వైద్యులు నేటికీ వాడుతున్నారు.

సుబ్బారావు పరిశోధనకు టాటాల డబ్బుతో సంబంధం లేదు. ఆయన అమెరికా ప్రయాణం వెనక మాత్రం మరో వ్యాపారి దానం ఉంది. కోరంగి ప్రాంతం నుంచి వెళ్లి రంగూన్‌లో సంపాదించిన మల్లాడి సత్యలింగం నాయకర్ తన ఆస్తిని ధర్మకార్యాలకు రాసిచ్చారు. కాకినాడలోని ఆ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇవ్వడం, పిల్లనిచ్చిన మామగారు మరికొంత డబ్బు సమకూర్చడం వల్లే సుబ్బారావు ఓడ ఎక్కగలిగారు. లుకేమియా కోసం ప్రత్యేకంగా పెట్టిన నిధి బొంబాయిలో ఉంది. లుకేమియాకు తొలి మందు తయారుచేసిన వారిలో ఒకరికి సాయం కాకినాడ నుంచి అందింది, అదీ ఆ జబ్బు ఊసే లేకుండా, చదువు కోసం.

పరిశోధనకిచ్చే దానాన్ని బేరీజు వేయడం ఎందుకు కష్టమో దీన్ని బట్టి తెలుస్తుంది. ఒక ఆసుపత్రికి మంచాలు ఇస్తే వాటిమీద ఎంతమంది చికిత్స పొందారో లెక్క చెప్పవచ్చు. పరిశోధనకు ఇచ్చిన డబ్బు ఏ ఏడాది, ఏ ప్రయోగశాలలో, ఎవరి చేతిలో ఫలిస్తుందో దాత బతికుండగా తెలియకపోవచ్చు. అందుకే కంపెనీల సామాజిక బాధ్యత నిధులు ఇటువైపు తక్కువగా వస్తాయి. ఏడాది చివర నివేదికలో చూపించాల్సిన అవసరం వాటికి ఉంటుంది. ఓపిక పట్టగలిగేది మూలనిధి, అంటే ఖర్చుపెట్టకుండా ఉంచి రాబడిని మాత్రమే వాడుకునే సొమ్ము, ఉన్న ట్రస్టే. ఓపిక పేరుతో లెక్క చెప్పకుండా తప్పించుకునే వీలు కూడా దానికే ఎక్కువని విమర్శకులు అంటారు. ఆ మాటనూ కొట్టిపారేయలేం.

టాటా పేరున్న ఆసుపత్రులన్నీ టాటాలవి కావు

క్యాన్సర్ అనగానే మన ఊళ్లలో ‘బొంబాయి టాటాకు తీసుకెళ్లండి’ అంటారు. దోరాబ్జీ ట్రస్టు పరేల్‌లో కట్టిన టాటా మెమోరియల్ ఆసుపత్రి 1941 ఫిబ్రవరి 28న మొదలైంది. 1957లో అది కేంద్ర ఆరోగ్య శాఖ కిందికి, 1962లో అణుశక్తి శాఖ కిందికి వెళ్లింది. అరవై ఏళ్లకు పైగా దాన్ని నడుపుతున్నది ప్రజల పన్నుల డబ్బు. పేరు మాత్రం దాతదే నిలిచింది. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఈ ప్రభుత్వ సంస్థకు చెందిన శాఖ. తిరుపతిలో 2022లో ప్రారంభమైన క్యాన్సర్ ఆసుపత్రి సంగతి వేరు. తిరుమల తిరుపతి దేవస్థానం స్థలమిస్తే టాటా ట్రస్టులు కట్టించాయి. రోగికి ఈ తేడాతో పని లేదు, వైద్యం అందితే చాలు. మందులు లేవనో, పడకలు చాలవనో అడగాల్సి వచ్చినప్పుడు మాత్రం ఎవరిని అడగాలో తెలియాలి. ఒక చోట ప్రభుత్వాన్ని, మరో చోట ధర్మకర్తలను.

ఇలా ప్రభుత్వానికి అప్పగించడం దాత ఓటమి అనుకునేవారున్నారు. నాకు అలా అనిపించదు. ప్రైవేటు డబ్బు మొదలుపెట్టే సాహసం చేస్తుంది, దేశమంతటికీ విస్తరించే శక్తి మాత్రం ఖజానాకే ఉంటుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ కథా ఇంతే. 1944 మార్చిలో అణు శాస్త్రవేత్త హోమీ భాభా దోరాబ్జీ ట్రస్టుకు రాసిన ఉత్తరంతో మొదలై, 1945లో ట్రస్టు డబ్బుతో ఏర్పడి, తర్వాత ప్రభుత్వ పోషణలోకి వెళ్లింది. హైదరాబాద్‌లోనూ దానికి ప్రాంగణం ఉంది.

శాస్త్రవేత్త ఇల్లు, రంగస్థలం

దాతృత్వంలో ఎక్కువ ప్రశ్నలు ఎదుర్కొనేది కళలకు ఇచ్చే డబ్బు. పిల్లలకు పాలు లేని దేశంలో నాటకశాలలు ఎందుకన్న వాదన పాతదే. 1969లో జె.ఆర్.డి. టాటా, జంషెడ్ భాభా ముంబయి నారీమన్ పాయింట్‌లో నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్‌ను స్థాపించారు. జంషెడ్ భాభా హోమీ భాభా తమ్ముడు. 1980లో అక్కడ టాటా థియేటర్ వెలిసింది. సంగీత విద్వాంసుల కచేరీలు, వాటి రికార్డింగులు, నాటకాలు, పాశ్చాత్య సంగీతం అన్నిటికీ అది వేదిక.

2007లో జంషెడ్ భాభా చనిపోయారు. మలబార్ హిల్‌లోని మెహ్రంగీర్ అనే కుటుంబ భవనాన్ని ఆయన ఆ కళాకేంద్రానికే రాశారు. హోమీ భాభా నివసించిన ఇల్లది. కళాకేంద్రానికి మూలనిధి కావాలి, భవనాన్ని వేలం వేస్తామంది. అణు కార్యక్రమ పితామహుడి ఇంటిని స్మారకంగా కాపాడాలని శాస్త్రవేత్తలు కోరారు. అణుశక్తి రంగ ఉద్యోగులు కొందరు హైకోర్టుకు కూడా వెళ్లారు. వేలం ఆగలేదు. 2014 జూన్‌లో అది 372 కోట్లకు అమ్ముడుపోయింది. ఆ తర్వాత ఇంటిని కూల్చేశారు.

ఇక్కడ ఎవరిది న్యాయం? చట్టం ప్రకారం కళాకేంద్రానిదే. దాత ఇల్లు ఇచ్చింది కళల కోసం. ఆ సొమ్ముతో ఎన్నో ఏళ్లు కచేరీలు నడపవచ్చు, కళాకారులకు పారితోషికాలు ఇవ్వవచ్చు. స్మారకం కోరినవారి బాధా చిన్నది కాదు. ఆ ఇంటికి డబ్బుతో కొలవలేని విలువ ఉందని వారు నమ్మారు, ఆ విలువ దేశానిదన్నారు. ఒకే కుటుంబంలో శాస్త్రం, కళ రెండూ ఉన్నచోట కూడా దానపత్రంలోని నాలుగు పంక్తులు ఒకదాన్ని నిలిపి రెండోదాన్ని చెరిపేయగలవు. నా మటుకు నాకు, ఆ ఇల్లు ఉండి ఉంటే బాగుండుననే అనిపిస్తుంది. ప్రభుత్వం సకాలంలో కొని ఉండాల్సింది. ఆ భారాన్ని కళాకేంద్రం మీద వేయడం సరికాదు.

కళలకిచ్చే దానం మీద మరో విమర్శ ప్రతిష్ఠకు సంబంధించినది. మ్యూజియం గోడ మీద పేరుంటే దాత వ్యాపారంలోని మచ్చలు కనిపించవంటారు. ఆక్సీకాంటిన్ అనే నొప్పి మందుతో అమెరికాలో వ్యసనం పెరగడానికి కారణమైందన్న ఆరోపణలున్న కంపెనీ శాక్లర్ కుటుంబానిది. ఆ కుటుంబం మ్యూజియంలకూ వైద్య విద్యాసంస్థలకూ దశాబ్దాల పాటు ఇచ్చింది. 2019లో పారిస్‌లోని లూవ్ర్, 2021లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తమ గోడల మీద ఆ పేరు తీసేశాయి. ఆ డబ్బుతో కట్టిన గదులు మాత్రం అలాగే ఉన్నాయి.

సమాజ సేవలో జీతాల ప్రశ్న

1936లో దోరాబ్జీ ట్రస్టు సామాజిక సేవ నేర్పే బడి ఒకటి బొంబాయిలో పెట్టింది. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అదే. తర్వాత అది యూజీసీ పరిధిలోకి వచ్చింది. కొన్ని విభాగాలకూ కార్యక్రమాలకూ మాత్రం టాటా ఎడ్యుకేషన్ ట్రస్టు డబ్బు ఇస్తూ వచ్చింది. 2024 జూన్ చివరిలో వందమందికి పైగా బోధన, బోధనేతర సిబ్బందికి కాంట్రాక్టు పొడిగించడం లేదని నోటీసులు వచ్చాయి. ట్రస్టు నుంచి నిధులు ఖరారు కాకపోవడమే కారణమన్నారు. పెద్ద దుమారం రేగాక, ట్రస్టు నిధులిస్తామని హామీ ఇవ్వడంతో నోటీసులు వెనక్కి తీసుకున్నారు.

అంతా సర్దుకున్నట్టే కనిపిస్తుంది. కానీ ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన అధ్యాపకులు ఆ కొద్ది రోజులు ఏ స్థితిలో ఉన్నారో ఊహించండి. దాతలు కొత్త పథకం మొదలుపెట్టడానికి ఉత్సాహంగా ఇస్తారు. రోజువారీ ఖర్చులకు, జీతాలకు, కరెంటు బిల్లుకు ఇచ్చేవారు తక్కువ. భవనం మీద పేరు చెక్కవచ్చు, గుమాస్తా జీతం మీద చెక్కలేరు. మరి ఒక కార్యక్రమాన్ని ట్రస్టు ఎన్నాళ్లు మోయాలి? మొదలుపెట్టి నిలబెట్టి, తర్వాత ప్రభుత్వానికి వదిలేయాలనేది ఒక వాదన. ప్రభుత్వం తీసుకోకపోతే పేదవాళ్లే నష్టపోతారు కాబట్టి తీసుకునేవరకు ఉండాలనేది మరో వాదన. రెండింటిలోనూ పస ఉంది. అయితే ఏ దారి ఎంచుకున్నా ఆ సంగతి సిబ్బందికి ఏళ్ల ముందే చెప్పాలి.

పన్ను రాయితీ రూపంలో ఖజానా వాటా

దానం పూర్తిగా దాత సొంతం కూడా కాదు. 80జి పేరుతో మనందరికీ తెలిసిన రాయితీని చూద్దాం. పాత పన్ను విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్న, కోటికి పైగా ఆదాయమున్న ఒకాయన 50 శాతం మినహాయింపు వర్తించే సంస్థకు 10 లక్షలిచ్చారు. ఆదాయంలోంచి 5 లక్షలు తగ్గుతాయి. సర్‌చార్జి, సెస్సు పక్కన పెడితే లక్షన్నర పన్ను మిగులుతుంది. అంటే 10 లక్షల దానంలో ఆయన పెట్టింది ఎనిమిదిన్నర లక్షలు, ప్రభుత్వం వదులుకున్నది లక్షన్నర. కొత్త పన్ను విధానం ఎంచుకుంటే ఈ రాయితీ లేదు.

గుర్తింపు పొందిన ట్రస్టుకు కూడా ఆదాయం మీద మినహాయింపు ఉంటుంది, షరతులతో. ఏటా వచ్చిన ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాలకు ఖర్చు చేయాలి. కంపెనీల షేర్లు పెట్టుకోకూడదు. ట్రస్టు ముసుగులో కుటుంబ వ్యాపారాన్ని పన్ను లేకుండా అట్టిపెట్టుకోవడాన్ని ఆపడానికి పెట్టిన నియమమిది. 1973 జూన్ 1 నాటికే మూలనిధిలో ఉన్న షేర్లకు మాత్రం వెసులుబాటు ఇచ్చారు. దోరాబ్జీ ఇచ్చిన షేర్లు ఆ వెసులుబాటు కిందికి వస్తాయి. అయినా టాటా ట్రస్టులు కొన్ని 2015లో తమ పన్ను రిజిస్ట్రేషన్‌ను స్వయంగా వదులుకుంటామన్నాయి. 2019లో ఆదాయపు పన్ను శాఖ ఆరు ట్రస్టుల రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. రద్దు ఏ తేదీ నుంచి వర్తిస్తుందన్న దానిమీద వ్యాజ్యం నడిచింది.

పన్ను రాయితీ ఇస్తున్నాం కాబట్టి దాతలు ఏ పనికి ఇవ్వాలో ప్రజలకూ మాట ఉండాలని ఒక పక్షం అంటుంది. మరో పక్షం, ప్రభుత్వం పట్టించుకోని వాటికి, ఓట్లు రాల్చని జబ్బులకు, అంతరించిపోతున్న కళలకు డబ్బు రావాలంటే దాతకు స్వేచ్ఛ ఉండాల్సిందేనంటుంది. లుకేమియా నిధిని 1932లో ఓటింగుకు పెట్టి ఉంటే అది పుట్టేది కాదని నా నమ్మకం.

షేర్లతో పాటు వచ్చే అధికారం

ఇప్పుడు మొదట వేసుకున్న సందేహానికి జవాబు చెప్పుకోవచ్చు. ట్రస్టు చేతిలో షేర్లున్నాయి కాబట్టి ఓటు ఉంది. పైగా టాటా సన్స్ నియమావళి ప్రకారం, దోరాబ్జీ, రతన్ ట్రస్టులకు కలిపి కనీసం 40 శాతం వాటా ఉన్నంత కాలం బోర్డులో మూడో వంతు డైరెక్టర్లను అవి నామినేట్ చేయవచ్చు. కొన్ని ముఖ్య నిర్ణయాలకు ఆ డైరెక్టర్లలో ఎక్కువమంది ఆమోదం తప్పనిసరి. 2016 అక్టోబరులో సైరస్ మిస్త్రీని టాటా సన్స్ చైర్మన్ పదవి నుంచి తొలగించినప్పుడు ఈ నియమాల మీదే పెద్ద వ్యాజ్యం సాగి, 2021 మార్చిలో సుప్రీంకోర్టు టాటా సన్స్ పక్షాన తీర్పునిచ్చింది. 2024 అక్టోబరు 9న రతన్ టాటా మరణించాక నోయల్ టాటా ట్రస్టుల చైర్మన్ అయ్యారు. ఆ తర్వాతి ఏడాదే ధర్మకర్తల విభేదాలు బయటపడ్డాయి.

అమెరికా 1969లో ఈ ముడిని చట్టంతో తెంచేసింది. ప్రైవేటు ఫౌండేషన్ ఒక వ్యాపారంలో సాధారణంగా 20 శాతానికి మించి వాటా ఉంచుకోకూడదంది. వ్యాపారం వ్యాపారంగా, దానం దానంగా ఉండాలన్నది అక్కడి ఆలోచన. మన దేశంలో టాటాలతో పాటు విప్రో అజీమ్ ప్రేమ్‌జీ కూడా వేరే దారిలో నడిచారు. కంపెనీలో 67 శాతం వాటా ఫలాన్ని తన దాతృత్వ సంస్థకు కేటాయించినట్టు 2019లో ప్రకటించారు. వాటా ఉన్నప్పుడు నిధికి కొరత ఉండదు, కంపెనీ కూడా ఎవరో కొనేసుకుంటారన్న భయం లేకుండా దూరదృష్టితో పనిచేస్తుందంటారు సమర్థకులు. నియంత్రణ కొద్దిమంది ధర్మకర్తల చేతిలో ఉండిపోతుంది, వారిని ఎన్నుకునేది వారే, వారిని అడిగేవారు లేరంటారు విమర్శకులు. 2025 నాటి తగాదా విమర్శకుల భయానికి బలం చేకూర్చింది.

వ్యాపారం కూలినా సేవ నిలవాలంటే

ఆఖరి చిక్కు తెలుగువారికి బాగా తెలిసినది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైంది. దానికి మూలం సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు స్థాపించిన ఈఎంఆర్ఐ అనే అత్యవసర సేవల సంస్థ. ఫోను చేసిన కాసేపట్లో అంబులెన్సు రావడం, దారిలోనే ప్రాథమిక చికిత్స అందడం పల్లెటూళ్లకు అప్పట్లో అద్భుతమే. 2009 జనవరి 7న రామలింగరాజు సత్యం లెక్కల్లో లేని డబ్బును ఉన్నట్టు చూపించానని ఒప్పుకున్నారు. కంపెనీ కుప్పకూలింది. 108 ఆగిపోతుందేమోనని అందరూ భయపడ్డారు.

ఆగలేదు. అప్పటికే నిర్వహణ ఖర్చులో అధిక భాగం రాష్ట్ర ప్రభుత్వం భరిస్తోంది. ఫోను అందుకునే పద్ధతి, శిక్షణ పొందిన సిబ్బంది, వాహనాలు అన్నీ ఉన్నాయి. ఆ ఏడాదే జీవీకే సంస్థ నిర్వహణలోకి వచ్చింది. ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఎవరు నడుపుతున్నా నంబరు 108గానే ఉంది. దాత చేసిన నేరాన్ని ఆ సేవ మాఫీ చేయదు. ఆ నేరం వల్ల ఆ సేవ విలువా తగ్గదు. రెండింటినీ విడివిడిగా చూడగలగాలి, ఎంత కష్టమైనా.

హైదరాబాద్‌లోనే మరో రకం కథ కూడా ఉంది. సినీ నిర్మాత, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ 1980ల్లో బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. అమెరికా నుంచి తిరిగివచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు ఆధ్వర్యంలో 1987లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. పేరు నిర్మాతది, పగ్గాలు వైద్యుల చేతిలో. డబ్బు కట్టగలిగినవారి నుంచి తీసుకుని, కట్టలేనివారికి ఉచితంగా చూడటంతో ఆసుపత్రి తన కాళ్ల మీద తాను నిలబడింది. పరిశోధన విభాగం పెరిగింది, ఇతర దేశాల దాతలూ వచ్చారు. దాత 1994లో కన్నుమూసేనాటికి ఆ సంస్థ ఆయన సొమ్ము మీద ఆధారపడే దశ దాటిపోయింది. ఇప్పుడు అక్కడికి వచ్చే రోగుల్లో చాలామందికి ఆయన సినిమాలు తీశారన్న సంగతి కూడా తెలియదు.